తెలుగు చదువు యంత్రము: నూటికి 92 అనగా ఎంత?

విశ్వవిద్యాలయములోని కంప్యూటరు శాస్త్రశాఖ విజయములను లెక్కించుటకు ఒక ఆనవాయితీ ఏర్పడినది. ఎన్ని పత్రములు వెలువడినవి, ఎన్ని సదస్సులలో చదివిరి, ఎందరికి డాక్టరేటు పట్టములు వచ్చినవి అని వార్షిక నివేదికలు పట్టికలు కట్టును. ఈ లెక్క తప్పు కాదు, కాని చాలదు. అచ్చుతెలుగు పుటను యంత్రముచే చదివించుటకు హైదరాబాదు విశ్వవిద్యాలయము చేసిన కృషిని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోని బల్ల మీద ఉంచి చూచినచో, మరియొక లెక్క కావలెనని తెలియును.

ఆ బల్లల వద్ద కూర్చుండువారిలో పెక్కుమంది ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు. అశోక్‌నగర్ శిక్షణకేంద్రములలో పాఠములు విని, నారాయణగూడ, చిక్కడపల్లి సందులలోని హాస్టళ్లలో తలదాచుకొని, పగలెల్ల ఇచ్చట చదువుదురు. ఇంగ్లీషులో చదువు అభ్యర్థి ఒక మాటను కంప్యూటరుకు ఇచ్చి, వేయి పుటలలో అది ఉన్న తావును క్షణములో పట్టగలడు. తెలుగులో చదువువానికి కంప్యూటరు మీద దొరకు పాత పుస్తకము తరచు పుటల ఛాయాచిత్రము మాత్రమే. అందున్నవి కంటికి అక్షరములు. యంత్రమునకు నల్లని మచ్చలు. ఇద్దరును వ్రాయునది ఒకే పరీక్ష.

ఈ మచ్చలను అక్షరములుగా మార్చు పద్ధతి నొకదానిని, 2001లో అమెరికాలోని సియాటిల్ నగరమున జరిగిన అంతర్జాతీయ సదస్సునకు, ఈ విశ్వవిద్యాలయమునకు చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, బి. కృష్ణ గారలు సమర్పించిరి. తెలుగులో గుణింతములు, ఒత్తులు చేరగా ఏర్పడు రూపములు 10,000 వరకు ఉండునని అంచనా. ఇన్నింటిని యంత్రమునకు నేర్పుట కొండను త్రవ్వుట వంటిది. వారు అక్షరమును వదలి తునకను పట్టుకొనిరి. సిరా తెగకుండ అంటియున్న ప్రతి ముక్కయు ఒక తునక. ‘క్క’లో పై ‘క’ ఒకటి, క్రింది ఒత్తు ఒకటి. ‘ప’లో ఒడలు ఒకటి, దానికి తగులక నిలిచిన తలకట్టు ఒకటి. ఇట్లు విడదీయగా పోల్చవలసిన మచ్చుబొమ్మలు 370కి తగ్గినవి. పోల్చు విధమును తేలికయే. తునకను మచ్చుబొమ్మపై పరచి, ఒకదానిలోని ప్రతి నల్లచుక్కకు రెండవదానిలోని దగ్గరి నల్లచుక్క ఎంత దూరమున ఉన్నదో కొలిచి, దూరములన్నిటిని కూడుదురు. ఏ మచ్చునకు మొత్తము అతి తక్కువగా వచ్చునో తునక అదియే. తెలుగు లిపి కట్టడిని ఎరిగినవారికి గాని తోచని ఉపాయమిది. పలక మీద తలకట్టును వేరుగా దిద్దిన పిల్లవానికి మాత్రము ఇందు వింత యేమియు కనబడదు.

ఫలితము నూటికి సుమారు 92. దిద్దుబాటుకు ముందటి లెక్క ఇది. వినుటకు మంచి మార్కులే. పరీక్షలో ఇన్ని వచ్చినచో అశోక్‌నగర్‌లో మిఠాయి పంచుదురు. కాని ‘చిక్కడపల్లి’ అను మాటను తీసికొనుడు. అక్షరములు అయిదు; అచ్చును బట్టి కొంత మారినను, తునకలు సుమారు ఎనిమిది. ఒక్కొక్క తునక సరిగా వచ్చు అవకాశము 0.92 అనుకొన్నచో, రెండును సరిగా వచ్చుటకు 0.85, నాలుగింటికి 0.72, ఎనిమిదింటికి 0.51. అనగా నూరు మారులు అచ్చయిన మాట ఇంచుమించు సగము మారులే దొరకును. నిజమునకు తప్పులు ఇట్లు సమముగా చల్లినట్లు పడవు. అరిగిన టైపు, చెమ్మగిల్లిన కాగితము ఉన్నచోట గుంపుగా పడును. కావున మంచి పుట ఇంకను మెరుగుగా, పాత పుట ఇంకను అధ్వాన్నముగా వచ్చును. యంత్రసహాయము ఎక్కువగా కావలసినది పాత పుటకే.

ఇట్టి పరిశోధనలపై చేయవలసిన ఆక్షేపణ ఇదియే. తునకకు వచ్చిన మార్కులనే ముందు నిలుపుదురు. పాఠకుడు వెదకునది తునకను కాదు, మాటను. మాటకు ఎన్ని, పాత పుటకు ఎన్ని అను రెండు అంకెలు కూడ ప్రకటించినచో గ్రంథాలయాధికారికి ఆ యంత్రము పనికివచ్చునో లేదో తేలును. ఉపాయము మాత్రము చెక్కుచెదరలేదు. 2015లో రాకేశ్ ఆచంట, ట్రెవర్ హేస్టీ గారలు ప్రకటించిన తెలుగు పద్ధతియు తునకనే పట్టుకొన్నది. మచ్చుబొమ్మలకు బదులు నాడీజాలము వంటి గణనపద్ధతిని వాడి, ఏ తునక వెనుక ఏ తునక రాదగునో కూడ లెక్కించినది. మనిషి మసకబారిన మాటను ఊహతో పూరించుకొనుట వంటిదే ఇదియు.

ఊహకును హద్దు కలదు. ‘ప’కు, ‘ఫ’కు భేదము ఒక చిన్న గీత. అది అచ్చులో చెరిగినచో ‘ఫలము’ ‘పలము’ అగును. రెండును నిఘంటువులో ఉన్న మాటలే. ఒకటి పండు, మరియొకటి తూకము. నిఘంటువుతో సరిచూచు యంత్రము దీనిని తప్పుగా ఎంచదు. ప్రూఫులు దిద్దువాడు వాక్యమును చదివి పట్టుకొనును.