గట్టు మీద నడక

ఈ మంగళవారం మా పెద్దక్క అన్న ఒక మాటకి మూడు రోజులు సంబరపడ్డాను. శుక్రవారం నుంచి అదే మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

కాకినాడలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. మూడు నెలల కిందట అక్క బాత్రూమ్ గుమ్మం దగ్గర పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న సంగతి ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. ఎముక అతికింది, కట్టు విప్పారు, గండం గడిచిందనుకున్నాం. ఎముకల డాక్టరు గారు మాత్రం, "చెయ్యి బాగానే ఉంది, ఇంక కాళ్ల సంగతి చూడండి" అని ఫిజియోథెరపీకి రాసిచ్చారు. చెయ్యి విరిగితే కాళ్లకి వైద్యమేమిటో నాకు అప్పుడు బోధపడలేదు. ఆరు వారాలుగా వెళ్తున్నాం.

క్లినిక్ నేల మీద పసుపుపచ్చ టేపు పది అడుగుల పొడవున అంటించి ఉంది. మంగళవారం మొదటిసారి అక్కని దాని మీద నిలబెట్టారు. ఫిజియో అమ్మాయికి పాతికేళ్లుంటాయి. అక్క నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, "టేపు మీదే నడవండమ్మా. ముందు కాలి మడమ వచ్చి వెనక కాలి బొటనవేలికి తగలాలి. కిందికి చూడొద్దు, ఎదురుగా గోడ గడియారం చూడండి" అంది. అక్క మూడడుగులు వేసింది, తూలింది, నిలదొక్కుకుంది. నాలుగో అడుగు వేస్తూ, తల తిప్పకుండానే నాతో అంది: "ఒరేయ్, ఇది మన గట్టు మీద నడకే కదరా!"

నాకెంత సంతోషం కలిగిందో మీరు ఊహించగలరు. పీటల మీద, చాపల మీద గడిచిన బతుకు గురించి ఈ కాలమ్‌లో నేను రాయని ఏడాది లేదు. నున్నటి టైల్స్ వచ్చి అరికాలికి నేల స్పర్శ లేకుండా చేశాయని, డైనింగ్ టేబుళ్లు వచ్చి మోకాళ్లకి వంగడం మరిపించాయని నా పాత వాదన. 2012లో బ్రెజిల్ వైద్యులు ప్రకటించిన పరీక్షని కూడా ఎన్నోసార్లు చెప్పాను. 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న రెండు వేల మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. కూర్చోడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యో మోకాలో ఆన్చిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. తక్కువ మార్కులొచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. రోజుకి పదిసార్లు పీట మీంచి లేచిన మా అమ్మకి ఇదొక పరీక్షా అని రాశాను. అక్క నోట గట్టు మాట రాగానే ఈ వారం కాలమ్ కూడా మనసులో రాసేసుకున్నాను: పెద్దవాళ్లు రోజూ ఊరికే చేసిన పనినే ఇవాళ మనం డబ్బు కట్టి నేర్చుకుంటున్నాం అని.

గట్టు మీద నడక అంటే ఏమిటో కోనసీమలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. ఊడ్పుల రోజుల్లో చేలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి. చేనుకీ చేనుకీ మధ్య గట్టు జానెడు వెడల్పు. అప్పుడే బురద తీసి పూసిన గట్టయితే పైన మెత్తగా, లోపల గట్టిగా ఉంటుంది. నిలుస్తుందో జారుతుందో పాదం మోపాక గానీ తెలీదు. రెండు పాదాలూ పక్కపక్కన పట్టవు కాబట్టి ఒకదాని ముందొకటి వెయ్యాల్సిందే. బొటనవేలు ముందు బురదలో దిగాలి, తర్వాతే బరువంతా ఆ కాలి మీదికి రావాలి. ముందు తాతయ్య, భుజాన పార. ఆయన వెనక పన్నెండేళ్ల అక్క. అక్క వెనక ఆరేళ్ల నేను. నేను కాళ్లకేసే చూసుకుంటూ నడిచేవాణ్ణి, నీళ్లలో పడేవాణ్ణి. తాతయ్య వెనక్కి తిరిగేవాడు కాదు. ఆ చప్పుడు వినే, "కాళ్లు చూసుకుంటే పడతావురా. గట్టు సంగతి కాలు చూసుకుంటుంది, నువ్వు ముందుకి చూడు" అనేవాడు.

బోదె దాటడానికి తాటిపట్టె ఒకటి వేసి ఉండేది. వానలు పడితే దాని మీద నాచు. ఊడ్పులకొచ్చిన ఆడవాళ్లు తల మీద నారుకట్టలతో, కబుర్లు చెప్పుకుంటూ దాని మీంచే దాటేవారు. వాళ్లు తూలకుండా నడిచేవారని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుని తలుచుకుంటే, అడుగడుగునా తూలుతూనే ఉన్నారు. నడుం ఒక పక్కకి పోతే చెయ్యి రెండో పక్కకి వెళ్లేది, మోకాలు కాస్త వంగేది, నారుకట్ట మాత్రం కదిలేది కాదు. దీనికి మన భాషలో ఎంత మంచి మాట ఉందో చూడండి: నిలదొక్కుకోవడం. నిలవడం పక్కనే తొక్కడం కూడా ఉంది ఆ మాటలో. నిలబడి ఉండటానికి మనిషి ఎంత పని చేస్తాడో ఆ మాట పుట్టించినవాళ్లకి తెలుసు.

ఆ పని జరగాలంటే ఒంటికి మూడు చోట్ల నుంచి కబురు అందాలని ఫిజియో అమ్మాయి చెప్పింది. కంటి నుంచి, లోపలి చెవి నుంచి, అరికాళ్లూ కీళ్లూ కండరాల నుంచి. మూడింట్లో ఒకటి తగ్గితే మిగతా రెండూ ఎలాగో నెట్టుకొస్తాయి. రెండోది కూడా తగ్గిందా, మనిషి పడతాడు. అక్కకి పదిహేనేళ్లుగా షుగరుంది, అరికాళ్లు సగం మొద్దుబారాయి. ఆ రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు మాకు నిద్రాభంగమవుతుందని లైటు వెయ్యలేదు. కాలి కబురు ముందే తగ్గిపోయింది, చీకట్లో కంటి కబురూ పోయింది. 76 ఏళ్ల చెవి ఒక్కటే మిగిలింది. నేను ఇన్నేళ్లుగా తిట్టిపోసిన టైల్స్ ఆ రాత్రి పొడిగానే ఉన్నాయి.

మొదటి రోజు ఆ అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే పడే ప్రమాదం ఉందని లెక్క. అక్క 19 తీసుకుంది. తర్వాత నిలబడటం: పాదాలు పక్కపక్కన, ఒక పాదం సగం ముందుకి, ఒకదాని ముందొకటి, చివరికి ఒంటికాలి మీద. ఒక్కోటి 10 సెకన్లు. మూడో దాని దగ్గర అక్క 4 సెకన్లకే బల్ల పట్టుకుంది. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలదో చూస్తే, 5.

శుక్రవారం నడకకి మాట జోడించారు. "27 నక్షత్రాలూ వెనక నుంచి చెబుతూ నడవండమ్మా" అంది అమ్మాయి. రేవతి, ఉత్తరాభాద్ర, పూర్వాభాద్ర దాకా అక్క బాగానే నడిచింది. శతభిషం గుర్తు తెచ్చుకోబోయి కాలు ఆపేసింది. 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించింది కూడా ఇదే. నడుస్తుండగా పలకరిస్తే, మాట్లాడటానికి ఆగిపోయే వృద్ధులు తర్వాతి నెలల్లో ఎక్కువగా పడ్డారు. నడవడానికే మనసంతా ఖర్చయిపోతుంటే మాటకి మిగలదు. తాటిపట్టె మీద కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిన ఆడవాళ్లు మళ్లీ గుర్తొచ్చారు. ఉండబట్టలేక ఆ అమ్మాయికి గట్టు గురించి, బోదె గురించి, 80 దాటాక కూడా పార మోసిన తాతయ్య గురించి చెప్పాను.

ఆమె శ్రద్ధగా విని, "గట్టు మీద నడవలేనివాళ్లు మీ ఊళ్లో ఏం చేసేవాళ్లు సార్?" అని అడిగింది. తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక దొరికింది.

మా నాయనమ్మ. ఊడ్పుల రోజుల్లో మధ్యాహ్నం చేలోకి అన్నాలు ఆవిడే తెచ్చేది. ఒకసారి తాటిపట్టె మీద కాలు జారి బోదెలో పడింది. దెబ్బేమీ తగల్లేదు. అయినా ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒకటే మాట: "ఇంక నువ్వు చేలోకి రాకు, అరుగు మీద కూర్చో." అందరం ప్రేమతోనే అన్నాం. ఆ తర్వాత నూతి దగ్గరికి వద్దన్నాం. ఆ తర్వాత పెరట్లోకి వద్దన్నాం. మంచినీళ్లు, కంచం, తమలపాకులు అన్నీ అరుగు మీదికే వెళ్లేవి. చేలన్నీ తిరిగిన మనిషి రెండేళ్లు తిరక్కుండానే గడప దాటడానికి తలుపు పట్టుకోవలసి వచ్చింది. ఒక తెల్లవారుజామున ఆ గడప దగ్గరే పడింది. తుంటి ఎముక విరిగింది. కట్టు కట్టించారు. మంచం దిగలేదు, వీపంతా పుళ్లు పడ్డాయి. ఆ ఏడు సంక్రాంతి చూడలేదు. ఊరంతా వచ్చి "వయసైపోయింది, వెళ్లిపోయింది" అన్నారు. పడటం వల్ల పోయిందని ఒక్కరూ అనలేదు. అరవయ్యేళ్లుగా మా ఇంట్లో తాతయ్య నడక గురించి చెప్పుకుంటున్నాం. నాయనమ్మ పడిన సంగతి ఈ శుక్రవారం దాకా నాకు గుర్తే రాలేదు.

గట్టు మా ఊళ్లో అందరికీ పరీక్ష పెట్టింది. తప్పినవాళ్లకి మళ్లీ నేర్పే బడి ఊళ్లో లేదు. నేను మెచ్చుకుంటూ వచ్చిన పాత బతుకులో ఉన్న లోటు అది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని సామెత. ముసలితనంలో కాలు జారినా తీసుకోవడం కష్టమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే, అందులోనూ 60 దాటినవాళ్లే ఎక్కువ. దీన్ని వయసు రాతగా వదిలెయ్యనక్కర్లేదని చూపించినవాళ్లున్నారు. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో ఫిజియోథెరపిస్టులని 80 దాటిన ఆడవాళ్ల ఇళ్లకే పంపారు. చీలమండకి బరువు కట్టి కాళ్లకి బలం చేకూర్చే వ్యాయామాలు, ఒకదాని ముందొకటి అడుగులు, వెనక్కి నడవడం, కుర్చీలోంచి లేవడం, వారంలో మూడు రోజులు. తర్వాత జరిగిన పరీక్షలు కూడా కలిపి చూస్తే పడటాలు మూడో వంతు తగ్గాయి. 2019లో కాక్రేన్ సమీక్ష 108 పరిశోధనలని కలిపి చూసింది. వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గుతాయని తేలింది. నిలదొక్కుకోవడం ఎనభైలో కూడా నేర్చుకోవచ్చు, నేర్పేవాళ్లుంటే.

ఆ నేర్పు ఎలాంటిదో మంగళవారం నా కళ్లతో చూశాను గానీ అప్పుడు పట్టించుకోలేదు. అక్క తూలిన ఆ క్షణంలో ఆ అమ్మాయి ఒక అడుగు వెనక, కాస్త పక్కగా నిలబడి ఉంది. ఒక చెయ్యి బెల్టు దగ్గర, రెండోది అక్క భుజం ముందు, బెత్తెడు దూరంలో. ముట్టుకోలేదు. అక్క కాలివేళ్లు టేపుని పట్టుకున్నాయి, చీలమండ అటూ ఇటూ వణికింది, తుంటి ఒక పక్కకి జరిగి మళ్లీ దారికొచ్చింది. అంతసేపూ ఆ అమ్మాయి ఊపిరి బిగపట్టి ఆగింది. ఆ తూలే క్షణంలోనే ఒళ్లు పాఠం నేర్చుకుంటుంది. ముందే పట్టేసుకుంటే ఆ పాఠం పోతుంది. పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే ఎముక పోతుంది.

నేనేం చేశానో చెప్పాలి. అక్క పడ్డాక బాత్రూమ్ గోడకి పిడులు బిగించాను, రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టాను, జారే పట్టాలు తీసేశాను. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు డాక్టరుకి చూపించి సరిచేయించాను. మంచం మీద లేచి కూర్చుని నిమిషం ఆగాకే నిలబడమని చెప్పాను. ఇవన్నీ అవసరమే, మీ ఇళ్లలోనూ చెయ్యండి. వీటితో పాటు తలగడ పక్కన ఒక కాలింగ్ బెల్లు కూడా పెట్టి, "ఏం కావాలన్నా ఇది నొక్కక్కా, నువ్వు మాత్రం లేవకు" అన్నాను. నాయనమ్మని అరుగు మీద కూర్చోబెట్టిన మాటే అది. కట్టు ఉన్న ఆరు వారాలూ అక్క నా మాట విని కూర్చుంది. కుర్చీలోంచి 5 సార్లే లేవగలిగిందంటే అందులో నా వాటా కూడా ఉంది. పడతామన్న భయంతో కదలకపోతే తొడల్లో బలం తగ్గుతుంది, బలం తగ్గితే మళ్లీ పడతాం. ఆ భయాన్ని అక్కలో పెంచింది నా జాగ్రత్తే.

ఇప్పుడు 19 సెకన్ల పని 14లో అవుతోంది. 5 కాస్తా 8 అయింది. ఇంకా చాలా దూరం ఉంది. ఈ పని ఎవరూ ఒంటరిగా మొదలుపెట్టకండి. తల తిరిగేవాళ్లు, ఇదివరకు పడ్డవాళ్లు ముందు డాక్టరుకీ ఫిజియోథెరపిస్టుకీ చూపించుకోండి. వంటింటి గట్టో గోడో చేతికందే దూరంలో ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికీ కొంత నేర్పు కావాలి.

నిన్న సాయంత్రం బెల్లు తీసేశాను. మా హాల్లో గోడ వారగా టేపు అంటించి అక్కని పిలిచాను. వచ్చి చూసి, "గట్టు వేశావట్రా" అంది. ఎదుటి గోడ మీదున్న తాతయ్య ఫొటో చూస్తూ అడుగులు మొదలుపెట్టింది. నేను ఒక అడుగు వెనక, కాస్త పక్కగా నడిచాను. అయిదో అడుగులో తూలింది. నా చెయ్యి దానంతటదే లేచింది. బెత్తెడు దూరంలో ఆపుకున్నాను.

అక్క నిలదొక్కుకుంది.