పసుపు ముఖం, తెల్ల మధుపర్కాలు

ఫిల్మ్ రోజుల్లో సినిమా రంగు ల్యాబులో తేలేది. ప్రింటు తీసే యంత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు 1 నుంచి 50 దాకా మెట్లుండేవి. ఏ షాటుకు ఏ కాంతి ఎంత పడాలో నిర్ణయించే నేర్పు పెద్దవాళ్ల పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకే అబ్బేది. 2000లో వచ్చిన కోయెన్ సోదరుల ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ మొత్తం సినిమాను కంప్యూటర్ మీద దిద్దవచ్చని చూపించింది. నిండు పచ్చగా ఉన్న మిసిసిపీని ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ఎండుగడ్డి వన్నెకు తిప్పారు. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ డావిన్చీ సిస్టమ్స్‌ను కొన్నది, తర్వాత రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌ను ఉచితంగా కూడా అందుబాటులో పెట్టింది. పెద్ద సినిమాలు దిద్దే సాధనమే ఇవాళ తెనాలిలోనో కరీంనగర్‌లోనో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడి కంప్యూటర్‌లోనూ ఉంది.

సాధనంతో పాటు గురువులూ దొరికారు. కలెన్ కెల్లీ, డారెన్ మోస్టిన్ లాంటి, రంగులు దిద్దడమే వృత్తిగా ఉన్న కలరిస్టులు తమ పనితీరును యూట్యూబ్‌లో విప్పి చెబుతున్నారు. బ్లాక్‌మ్యాజిక్ తన శిక్షణ పుస్తకాలను, సాధన చేసుకునే ఫుటేజీని ఉచితంగా ఇస్తోంది. ఒకప్పుడు గది దాటని విద్య ఇంత ధారాళంగా అందడం గొప్ప విషయం. అయితే కొత్తగా వచ్చినవాళ్ల చేయి ముందుగా ‘సినిమాటిక్ లుక్’ వీడియోల మీద పడుతుంది. వాటిని ఆఖరికి వాయిదా వేయమంటాను.

మొదట నేర్వాల్సింది స్కోపులు, అంటే బొమ్మలోని వెలుగునూ రంగునూ కొలిచి చూపే గ్రాఫులు, చదవడం. కన్ను తొందరగా రాజీ పడుతుంది. నీలి ఛాయ ఉన్న బొమ్మను కాసేపు చూస్తూ ఉంటే అదే సహజమనిపిస్తుంది. వేవ్‌ఫామ్ అనే స్కోప్ రాజీ పడదు: వెలుగు ఎక్కడ తెగిపోయిందో, నీడ ఎక్కడ మూసుకుపోయిందో గీతల్లో చూపిస్తుంది. పరేడ్ మూడు రంగులనూ పక్కపక్కన పెట్టి ఏది మీరిందో చెబుతుంది. ఆ తర్వాత లాగ్ ఫుటేజీ, అంటే కెమెరా తక్కువ కాంట్రాస్టుతో రికార్డు చేసే బొమ్మ. అది వెలిసినట్టు కనిపించేది వెలుగునీడల వివరం దాచుకోవడానికే. ఆ కెమెరా లాగ్‌కు తగిన మార్పిడితో మామూలు తెరల రంగుల ప్రమాణమైన రెక్ 709లోకి తేవాలి. ఒక కంపెనీ కెమెరా కోసం చేసిన లట్‌ను (రంగుల మార్పిడి పట్టికను) మరో కంపెనీ ఫుటేజీ మీద వేస్తే మొదటి అడుగే తప్పుతుంది. పిమ్మట లిఫ్ట్, గామా, గెయిన్ చక్రాలతో నీడలు, మధ్యస్థాయి, వెలుగులు సరిచేసి, ఒక సన్నివేశంలోని షాట్లన్నిటి రంగులనూ ఒకదానితో ఒకటి సరిపోయేలా కలపాలి. కలరిస్టు పనిలో సింహభాగం ఈ కలపడమే. చూసేవాళ్లకు కనిపించని పని కాబట్టి దీని మీద పాఠాలకు ఆదరణ తక్కువ.

ఇక చర్మం. రంగు ఏ వైపు ఉందో చూపే వెక్టర్‌స్కోప్‌లో ఎరుపుకూ పసుపుకూ నడుమ ఒక గీత ఉంటుంది. తెల్లవారైనా నల్లవారైనా మనుషుల చర్మపు వన్నె దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. తేడా వెలుగులో ఉంటుంది. చాలా పాఠాల్లో ముఖం ఇంత వెలుగులో ఉండాలని చెప్పే అంకె తెల్లని ముఖాలను చూసి చెప్పింది. దాన్ని పట్టుకుని చామనఛాయ పెళ్లికూతురి ముఖాన్ని పైకెత్తితే చర్మం నిగారింపు పోయి బూడిద పూసినట్టవుతుంది. ఆ అంకెను మనవాళ్లు నిస్సంకోచంగా పక్కన పెట్టాలి.

ఆ గీతకూ మినహాయింపు ఉంది. మంగళస్నానాల నాడు ఒళ్లంతా పసుపు రాస్తారు. ఆ ముఖం స్కోప్‌లో గీతను వదిలి పసుపు వైపు జరుగుతుంది, జరగాలి కూడా. అక్కడ గీత మీదికి లాగితే ఆ వేడుకనే చెరిపేసినట్టు. తెలుపు సంగతీ అంతే. వైట్ బ్యాలెన్స్ పికర్‌తో వరుడి పట్టుపంచె మీద నొక్కితే బొమ్మంతా నీలం తిరుగుతుంది. పట్టుది మీగడ వన్నె. అదే నూలు మధుపర్కాల మీద, పసుపు తాకని చోట నొక్కితే తెలుపు నిజంగా దొరుకుతుంది. ఏ గుడ్డ ఏ తెలుపో మన పెళ్లి తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

మండపంలో దీపాలు మరో పరీక్ష. పాత బల్బులు సుమారు 2700 నుంచి 3200 కెల్విన్, వీడియోవాళ్ల ఎల్‌ఈడీ 5600. ఒకే ముఖంలో సగం నారింజ, సగం నీలం. మొత్తం బొమ్మను ఒకేసారి దిద్దితే రెండూ కుదరవు. పవర్ విండోతో ఆ భాగం చుట్టూ హద్దు గీసి, కదలికను వెంటాడే ట్రాకింగ్ పెట్టి, ఒక చెంపను విడిగా దిద్దాలి. అలంకరణకు పెట్టిన ఊదా లైట్ల కింద ఆకుపచ్చ సమాచారమే సరిగా నమోదు కాదు. నమోదు కానిదాన్ని ఏ దిద్దుబాటూ తీసుకురాలేదు. ఆ మాట చిత్రీకరణకు ముందే లైట్లవాళ్లతో చెప్పాలి.

లుక్ ఆ తర్వాతే. పేరుపడ్డ నీలి-నారింజ లుక్‌ను మన పెళ్లి మీద గుడ్డిగా వేస్తే మామిడాకుల తోరణం, అరటి పిలకలు పచ్చదనం కోల్పోతాయి, మెరూన్ చీర గోధుమరంగుకు దిగుతుంది. వధువు తల్లి వీడియోలో మొదట వెతికేది తాను ఏరి కొన్న ఆ చీర రంగునే. ఆమెకు అది దక్కకపోతే ఆ రంగుల దిద్దుబాటు ఎంత అందంగా ఉన్నా తప్పే.

సాధన చేసేవాళ్లు మానిటర్‌ను 6500 కెల్విన్‌కు పెట్టుకుని, వెనుక గోడను రంగులేని బూడిద వన్నెలో ఉంచితే సగం మోసాలు తప్పుతాయి. పని ముగిశాక ఫోనులోనూ చూడాలి, ఇంటిల్లిపాదీ చూసేది అందులోనే.

ఇప్పుడు కావాల్సింది మన ముఖాలతో, మన మండపాలతో చెప్పే పాఠాలు. సినిమాలకు కంప్యూటర్ మీద రంగులు దిద్దే హైదరాబాద్ డి.ఐ. గదుల్లో పనిచేస్తున్న కలరిస్టులారా, మీ చేతిలోని విద్యను తెలుగులో రికార్డు చేయండి. సాధన చేసుకోవడానికి ఒక పెళ్లి ఫుటేజీని, ఆ కుటుంబం అనుమతితో, పాఠంతో పాటు ఇవ్వండి.