పూడిక తీసేవాడికి శిలాఫలకం ఉండదు

భీమవరంలో వెబ్‌సైటు చేయించుకున్నవాళ్లకు కొదవ లేదు. కల్యాణ మండపాలు, రొయ్యల మేత డీలర్లు, కంటి ఆసుపత్రులు, పూతరేకులు పార్సిలు పంపే స్వీటు షాపులు, అందరికీ ఉంది. చేయించాక దాన్ని మళ్లీ తెరిచి చూసుకున్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. సంక్రాంతి ఆఫరని పెట్టిన బొమ్మ వినాయక చవితి దాకా వేలాడుతుంది. షాపు ఫోన్ నంబరు మారినా సైటులో మారదు. చివరికి ఒకరోజు ఆ చిరునామా కొడితే ఏ దేశానిదో పేకాట ప్రకటన ప్రత్యక్షమవుతుంది. అప్పుడు గుర్తొస్తాను నేను. "ఏవండీ, మా సైటు ఎవడో ఎత్తుకుపోయాడండీ!"

ఎవడూ ఎత్తుకుపోలేదండీ. ఏడాదికోసారి కట్టాల్సిన సొమ్ము కట్టలేదు, అంతే. డొమైన్, అంటే సైటు చిరునామా, కొన్నామని అంటాం గానీ అది అద్దెకు తీసుకున్నదే. డాట్‌కామ్ పేరైతే గడువు దాటాక 45 రోజుల వరకు దాన్ని ఇచ్చిన కంపెనీవాళ్లు ఓపిక పట్టొచ్చు. ఆ తర్వాత 30 రోజులు ఎక్కువ సొమ్ము పోసి విడిపించుకోవచ్చు. అదీ దాటిందా, ఇంకో 5 రోజుల్లో ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. ఈలోపు హెచ్చరిక మెయిళ్లు వస్తూనే ఉంటాయి. కాకపోతే అవి వెళ్లేది సైటు చేసిపెట్టిన కుర్రాడికి. ఆ కుర్రాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు.

నేను ఈ సైట్ల పనిలోకి దిగింది హైదరాబాదులో. అప్పట్లో పేజీని టేబుళ్లతో కట్టేవాళ్లం. డబ్బున్న కంపెనీ అయితే ముందు ఫ్లాష్‌లో ఒక బొమ్మలాట, దాని కింద "స్కిప్ ఇంట్రో" అనే మీట. చూసేవాళ్లందరూ నొక్కేది ఆ మీటనే. తెలుగు పేజీ అంటే ఇంకో తంటా. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మన పత్రికలు చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్లే వాడుకున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త పిచ్చిగీతల్లా కనిపించేది. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" అని ఒక యాడ్-ఆన్ ఉండేది. దాని పుణ్యమా అని ఎన్ని వార్తలు చదివామో.

సైట్లు కట్టే పనిముట్లూ మారుతూ వచ్చాయి. 2006లో జేక్వెరీ వచ్చింది, నేర్చుకున్నాం. 2013లో రియాక్ట్ వచ్చింది, అదీ నేర్చుకున్నాం. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న సాగనంపారు. దాని కోసం మా తరం పాడుచేసుకున్న రాత్రులకు పరిహారం ఏమైనా ప్రకటిస్తారేమోనని చూశాను. ప్రకటించలేదు.

ఇన్నేళ్లలో నేను చేసిన పేజీల్లో ఇవాళ బతికున్నవి తక్కువ. ఇది నా ఒక్కడి గోడు కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో తేల్చిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందుబాటులో లేవు. అంతెందుకు, వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ ప్రయోగశాలలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైటే దాని చిరునామాలో లేకుండా పోయింది. సెర్న్ వాళ్లే 2013లో పూనుకుని దాన్ని మళ్లీ పాత చిరునామాలో నిలబెట్టారు. పుట్టింట్లోనే ఆ గతి పడితే మన షాపుల సంగతి చెప్పేదేముంది?

మా తాతగారు ఇరిగేషన్‌లో లస్కరు, కాలువలూ గేట్లూ చూసుకునే ఉద్యోగం. ఈ డెల్టాకు అన్నం పెట్టింది కాటన్ దొర అని మేమంతా ఊరూరా విగ్రహాలు నిలబెట్టుకున్నాం, తప్పు లేదు. కానీ 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు బదులు కొత్త బ్యారేజీ పూర్తయింది 1982లో. నడుమ ఆ 130 ఏళ్లూ కాలువల్లో నీళ్లు పారాయంటే, ఏటా దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి పూడిక తీసినవాళ్లు, తూడు కోసినవాళ్లు, గేట్లకు గ్రీజు పట్టించినవాళ్లు ఉన్నారు కాబట్టి. కాలువ తవ్వితే శిలాఫలకం వేస్తారు, పూడిక తీస్తే ఎవరూ వేయరు. పైగా ఆ ఏడు బిల్లు ఎందుకంత అయ్యిందని అడుగుతారు. మా వృత్తి సరిగ్గా ఇదే. కొత్త సైటుకు వెనుకాడకుండా డబ్బిచ్చే ఆసామి, దాన్ని ఏడాది పొడుగునా చూసిపెట్టడానికి ఇంత అవుతుందంటే "ఉన్నదేగా, మళ్లీ ఎందుకండీ?" అంటాడు.

ఉన్నది ఉన్నట్టు ఉండదు కాబట్టి. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా"కు కంటికి కనిపించని ఒక సంకేతం తోడై ఎవరైనా మెసేజ్‌లో పంపితే ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. ఆపిల్ అంతటి సంస్థ మన ఒత్తు దెబ్బకు హడావుడిగా కొత్త వెర్షన్ విడుదల చేసుకోవాల్సి వచ్చింది. ఇకముందు ఈ పని పెరిగేదే తప్ప తగ్గేది కాదు. సైటు సురక్షితమని బ్రౌజరు నమ్మడానికి కావాల్సిన సర్టిఫికెట్టు గరిష్ఠ గడువును 2026 మార్చి నుంచి 200 రోజులకు కుదించాలని, 2029 మార్చికి 47 రోజులకు దించాలని బ్రౌజర్ల వాళ్లూ సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లూ కలిసి నిర్ణయించారు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇరుగుపొరుగు అడిగితే మా అమ్మ, "కంప్యూటర్లో ఏవో రిపేర్లు చేస్తాడమ్మా, ఇంట్లోనే" అని చెబుతుంది. మొదట్లో కొంచెం చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే నా ఉద్యోగం గురించి అంత సరిగ్గా ఏ హెచ్‌ఆర్ మేనేజరూ రాయలేదు.

ఈ మధ్య మా బంధువుల అబ్బాయి ఒకడు, ఎస్సార్కేఆర్‌లో బీటెక్ మూడో ఏడాది, రొయ్యల ధరలు చూపించే సైటు ఒక్క సాయంత్రంలో చేసి తెచ్చాడు. కోడ్ అంతా ఏఐ రాసింది. "బాబాయ్, ఇంక మీ పని అయిపోయినట్టే" అన్నాడు నవ్వుతూ. సైటు బాగుంది, నా చేతి పనికన్నా నునుపుగానే ఉంది. నేనూ రోజూ ఏఐతో పని చేయిస్తాను, దాని మీద నాకేం కక్ష లేదు. ఒక్కటే అడిగాను. కిలోకు 30 రొయ్యలు తూగే 30 కౌంటు ఎంత, 50 కౌంటు ఎంత, 100 కౌంటు ఎంత అని రోజూ పొద్దున్నే మార్చేదెవర్రా? 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు ఇక్కడి రైతులు రేటు కోసం ఎంత ఆత్రంగా ఫోన్లు పట్టుకు తిరిగారో చూశాం. నిన్నటి రేటు ఇవాళ్టిదని చూపిస్తే చెరువు గట్టు మీద పట్టుబడి దగ్గర తగువులవుతాయి. ధరలు తెచ్చిపెట్టే ప్రోగ్రామూ ఏఐ రాస్తుంది, సందేహం లేదు. అది తప్పు తెచ్చిన రోజున రైతు ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబరు సైటులో లేదు. వాడు తల గోక్కున్నాడు, తర్వాత తన నంబరు పెట్టాడు. ఆ పిల్లాడి మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

కట్టడం ఇంత చవకయ్యాక కట్టేవాళ్లు పెరుగుతారు. వాళ్లతోపాటే దిక్కులేని సైట్లూ పెరుగుతాయి. మా పని అయిపోలేదు సరికదా, ఇప్పుడే మొదలవుతోందని నా లెక్క.

మీకూ ఒక సైటు ఉంటే ఈ వారం కాస్త తీరిక చేసుకోండి. డొమైన్ ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పుడో, నోటీసులు ఏ మెయిలుకు వెళ్తున్నాయో కనుక్కోండి. వేరేవాళ్ల పేరున ఉంటే మొహమాటపడకుండా మీ పేరుకు మార్పించుకోండి. వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇంటి పన్ను రసీదులతో పాటు దాచండి. పాస్‌వర్డు మాత్రం దయచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.