గతుకుల దారికీ రేసు ట్రాక్‌కూ ఒకే సస్పెన్షన్

అనంతపురంలో స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు ట్రాక్ మీద నడపాలనుకుంటే చాలా దూరం పోవాలి. 1990లో మొదలైన మద్రాసు ట్రాక్ శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. అక్కడికి కారును లారీలో పంపే స్తోమత కొద్దిమందికే ఉంటుంది. మిగతావాళ్లు కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగుతూ నడుపుకుంటూ వెళ్లాల్సిందే. అందుకని ఇక్కడి కారుకు సస్పెన్షన్ మార్చేటప్పుడు ట్రాక్‌తో సమానంగా ఈ దారినీ లెక్కలో పెట్టుకోవాలి.

కుర్రాళ్లు ముందుగా కారును కిందికి దించుతారు. చూపులకు బాగానే ఉంటుంది. కానీ 40 మిల్లీమీటర్లు దించితే, గుంత వచ్చినప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా అంత మేరా తగ్గిపోతుంది. ఆ జాగా అయిపోగానే బరువంతా బంప్ స్టాప్ రబ్బరు మీద పడుతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ చక్రం పట్టు ఒక్కసారిగా సడలుతుంది. స్ప్రింగు కోసి దించడం మరీ ప్రమాదం. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తన గూటిలోంచి జారిపోవచ్చు.

మామూలు కారు స్ప్రింగుల మీద సెకనుకు 1 నుంచి 1.5 సార్లు ఊగుతుంది. రోడ్డుకూ ట్రాక్‌కూ కలిపి వాడే కారుకు 2 లోపు ఉంటే మేలు. స్ప్రింగు గట్టిదనం రెట్టింపు చేసినా ఊగే వేగం 1.4 రెట్లే పెరుగుతుంది. ఒంటికి తెలిసే కుదుపు మాత్రం బాగా ఎక్కువవుతుంది.

నా మాట అడిగితే డబ్బు ముందు షాకబ్జర్ల మీద పెట్టాలి. బరువు మోసేది స్ప్రింగు, ఆ ఊపును అణిచేది షాకబ్జరు. అందులోని పిస్టన్ సన్నని దారుల గుండా ఆయిల్‌ను నెడుతూ కదలికను వేడిగా మారుస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఈ సీమలో, వరసగా ట్రాక్ చుట్లు కొడితే ఆయిల్ పలచబడుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది, అణిచే శక్తి పోతుంది. మోనోట్యూబ్ రకంలో నైట్రోజన్‌ను వేరే పిస్టన్ అడ్డుపెట్టి ఒత్తిడితో నింపుతారు. నురగ రాదు, వేడి కూడా త్వరగా బయటికి పోతుంది. రీబౌండ్ (చక్రం తిరిగి కిందికి దిగేటప్పటి అణచివేత) మరీ బిగిస్తే మాత్రం టోల్‌గేటు ముందరి రంబుల్ స్ట్రిప్పుల మీద చక్రం కిందికి దిగేలోపే తర్వాతి గట్టు వచ్చేస్తుంది. కారు క్రమంగా కుంగిపోతుంది.

మన దగ్గర దొరికే చిన్న స్పోర్ట్స్ కార్లలో చాలావాటిని ముందు చక్రాలే లాగుతాయి. మలుపులో ముందు భాగం బయటికి జారుతుంటే వెనక యాంటీరోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) కొంచెం గట్టిది వేస్తే దారికొస్తుంది. వానలో అదే బార్ వెనక భాగాన్ని విసిరేయగలదు, జాగ్రత్త. అరిగిన బుష్‌లు మార్చకుండా ఇవన్నీ బిగించడం వృథా. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెంచితే టైరు లోపలి అంచు అరుగుతుందని అందరూ భయపడతారు గానీ, టో (చక్రాలు నేరుగా ముందుకు చూసే కోణం) తప్పితే టైరు ఇంకా త్వరగా అరిగిపోతుంది.

వాహనానికి తయారీదారు ఇచ్చిన మూల రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఆర్టీఏ కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ ఈ మార్పుల గురించి ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మంచిది.

ట్రాక్ దగ్గర ఒకసారికి ఒకే మార్పు చేయాలి. షాకబ్జరు బిగువు మీటను రెండు క్లిక్కులు తిప్పి, నాలుగు చుట్లు నడిపి, పక్కకు రాగానే వేడి టైర్లలో గాలి కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు పూర్తిగా చల్లారాక గాలి మళ్లీ రోడ్డు కొలతకు నింపి, షాకబ్జర్ల క్లిక్కులు వదులు చేసి, చక్రాల నట్లు టార్క్ రెంచితో ఒకసారి చూసుకోవాలి.