నలుపు జోలికి పోవద్దు

మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన రోడ్జర్స్ మడత చాకు బొటనవేలి గోటికి లొంగలేదు. ముప్ఫై ఏళ్లు కోనసీమ ఉప్పుగాలి తిని కీలు దగ్గర కరుచుకుపోయింది. అమలాపురంలో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన లాగలేదు, కొట్టలేదు. కీలు మీద కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, కాగితంలో చుట్టి, "ఎల్లుండి రా బాబూ" అన్నారు. ఎల్లుండి వెళ్లి గోరు ఆన్చగానే కదిలింది. సగం తెరుచుకున్నాక ఒక 'టక్', పూర్తిగా తెరుచుకున్నాక ఇంకో 'టక్'.

ఆ చప్పుడుకే నేను ఈ చాకులకి దాసుణ్ణైపోయాను. పిడి వెన్నంటి ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అదే స్ప్రింగు. అలుగు మొదట్లో ఉండే చదరపు మడమని అది ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచుతుంది. తాళం లేదు, బొత్తాం లేదు, అంతా ఆ ఒత్తిడి మీదే నడుస్తుంది. మరీ బిగువైతే గోరు విరుగుతుంది, వదులైతే వేలు తెగుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి చోటుని ఇంగ్లండులోని షెఫీల్డు పనివాళ్లు ఆకురాయితో, కంటితో పట్టుకునేవారు. చాకుని వెలుతురుకి ఎత్తి చూస్తే స్ప్రింగుకీ పక్క రేకులకీ మధ్య గీతంత వెలుగు కూడా కనబడకూడదు. మా తాతగారి చాకులో ఇప్పటికీ కనబడదు!

ఆ ఊరి ఘనకార్యాలు ఎన్నని చెప్పను? అక్కడి రోడ్జర్స్ కంపెనీ వారి నక్షత్రం, మాల్టా శిలువ ముద్ర 1682 నాటిది. 1822లో వాళ్లు సరిగ్గా 1822 అలుగుల చాకు చేశారు. 1851 లండన్ మహాప్రదర్శనకి 75 అలుగుల నార్‌ఫోక్ చాకు చేశారు, అది ఈనాటికీ షెఫీల్డు కట్లర్స్ హాలులో ఉంది. నా మటుకు వీటన్నిటికన్నా స్టాన్ షా గొప్పవాడు. 1926లో పుట్టి, 1941లో ఇబ్బర్‌సన్ అనే చాకుల కంపెనీలో పనికి చేరి, తొంభై దాటినా చాకులు చేస్తూనే ఉన్నాడు. ఎలిజబెత్ రాణికి చాకు చేసి ఇచ్చిన చెయ్యి అది. 2021లో ఆయన పోయినప్పుడు ఒక ఊరి విద్యలో సగం పోయిందనిపించింది. జర్మనీ జోలింగెన్ చాకులు ఇంతకన్నా మేలనేవాళ్లున్నారు. ఉండనివ్వండి, నేను షెఫీల్డు పక్షం.

పిడులకి పశువుల ఎముక, ముత్యపుచిప్ప, కొమ్ము వాడేవారు. కణుజు కొమ్ములు మన దేశం నుంచే ఓడలెక్కేవి, తర్వాత మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది.

ఇక శుభ్రం చెయ్యడం. ఇక్కడే చాకు బతుకుతుంది లేదా చస్తుంది. ఎముక పిడినీ కొమ్ము పిడినీ నీళ్లలో నానబెట్టారా, ఉబ్బి పగులుతాయి. మా పెద్దాయన కొబ్బరి చీపురు పుల్లని సన్నగా చెక్కి, పిడి గాడిలోంచి జేబు పీచునీ పెన్సిలు పొట్టునీ ఏళ్లనాటి జిడ్డునీ తవ్వి తీశారు. తర్వాత కీల్లో నూనె వేసి ఇరవైసార్లు తెరిచి మూశారు. కాటుకలాంటి నల్లటి నూనె కారింది. తుడిచి మళ్లీ వేశారు. నాలుగోసారి ముదురు గోధుమ రంగు, ఏడోసారి తేటనూనె. అప్పుడు గానీ ఆయన గుడ్డ పక్కన పెట్టలేదు. నూనె కూడా కుట్టుమిషనుదే వాడాలి. కొబ్బరినూనె అలుగుకి రాస్తే రాయండి గానీ కీల్లోకి పోనివ్వకండి, చలికాలం అక్కడే పేరుకుంటుంది.

అలుగు మీద ఎర్రతుప్పుని పాత రాగి పైసా అంచుతో, నూనె తడి మీద గీకారు. రాగి ఉక్కుకన్నా మెత్తన, తుప్పు ఊడుతుంది గానీ ఉక్కు మీద గీత పడదు. నేను ఉత్సాహంగా నల్లమచ్చ కూడా గీకబోతే చెయ్యి పట్టుకున్నారు. "నలుపుని ముట్టుకోకు బాబూ, ఎరుపు ఒక్కటే నీ పని" అన్నారు. ఎర్రతుప్పు పొడిపొడిగా రాలుతూ లోపలికి తింటుంది. నల్లపొర ఉక్కుని అంటిపెట్టుకుని తుప్పుకి అడ్డం నిలుస్తుంది. దాన్ని తీసేస్తే ఉక్కు ఒళ్లు మళ్లీ పచ్చిపుండే.

పదును పెట్టడానికి సానరాయి మీద అలుగుని నిలబెట్టి, సగం వంచి, మళ్లీ సగం వంచండి. ఇరవై రెండున్నర డిగ్రీలొస్తుంది, ఇంకొంచెం తగ్గిస్తే చాలు. అవతలి వైపు అంచున సన్నటి గరుకు వేలికి తగిలేదాకా ఒకే వైపు నూరి, అప్పుడు తిప్పాలి. చివర పాత తోలు బెల్టు మీద, అంచు వెనక్కి ఉండేలా పదిసార్లు లాగితే కాగితం తెగుతుంది.

ఇంత తెలిశాక కూడా ఒక తప్పు చేశాను. సంతలో కొన్న ఇంకో రోడ్జర్స్‌ని, తీరిక లేక, పట్నంలో ఒక పాలిషు దుకాణంలో ఇచ్చాను. అద్దంలా తెచ్చిచ్చారు. గుండె ఆగినంత పనైంది. నక్షత్రం లేదు, శిలువ లేదు, పేరులో మిగిలింది రెండక్షరాలు. మొన దగ్గర నీలిరంగు తిరిగింది. ఉక్కుని గట్టిపరిచాక పెళుసు పోవడానికి గడ్డిరంగు వచ్చేదాకా కాస్తారు, అంటే 230 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల. చక్రం రాపిడికి అది 300 దగ్గరికి పోతే వచ్చేదే ఆ నీలం, అప్పటికే ఉక్కు మెత్తబడిపోతుంది. వందేళ్ల పని రెండు నిమిషాల్లో పోయింది. ఇప్పుడు పదును రెండు నిమ్మకాయలకి ఆగదు.

ముద్ర పోవడం ఒక బాధైతే, దొంగముద్రలు ఇంకో బాధ. అది ఇప్పటిది కాదు. షెఫీల్డు పేరు కొట్టుకుని నాసిరకం చాకులు ముంచెత్తితే, 1887లో బ్రిటన్ సరుకు ముద్రల మీద చట్టమే చేసుకుంది. ఇప్పుడు ఆన్‌లైన్లో డమాస్కస్ ఉక్కులాంటి గీతలు పైపైన అచ్చేసిన ఇనుపరేకుల్ని మన కుర్రాళ్లు వేలు పోసి కొంటున్నారు. అదే ఇంట్లో, తాత చాకు పాతసామాను వాడికి కిలోల లెక్కన పోతోంది. అడ్డుపడండి! అలుగు మొదట్లో భూతద్దం పెట్టి ముద్ర చూడండి. పిడి సెల్యులాయిడ్‌దైతే విడిగా ఉంచండి, పాతబడిన సెల్యులాయిడ్ వదిలే ఆవిరి పక్క చాకుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది. తోలు ఒరలో ఏ చాకునీ దాచకండి, అది చెమ్మ పీలుస్తుంది.

తాతగారి చాకు రోజూ నా జేబులోనే ఉంటుంది. ఈ వేసవి మామిడికాయల పులుపుకి మొన వైపు ఇంకాస్త నల్లబడింది. తుడిచి, నూనె రాసి, అలాగే ఉంచాను.