సత్యభామ జడ ఎక్కడికి పోయింది?

మా క్లాసులో కొరియా సీరియళ్లు చూడని అమ్మాయిలు తక్కువ. రాజుల కాలం కథల్లో రాణుల తల మీద జడలు చుట్టి ఇంత ఎత్తున కొప్పు కడతారు చూడండి, దాన్ని గాచే అంటారు. అదంతా సవరమే. ఎంత పెద్ద గాచే ఉంటే అంత గొప్ప ఇల్లు అన్నమాట. ఖర్చు ఎక్కువైపోయిందని 1756లో యోంగ్జో రాజు వద్దన్నాడు. 1788లో ఆయన మనవడు మళ్లీ వద్దనాల్సి వచ్చింది. అంటే మొదటిసారి ఎవరూ సరిగా వినలేదనేగా!

మన భామాకలాపంలో సత్యభామ జడ కూడా గొప్ప చూపించేదే. కానీ తేడా ఉంది. కూచిపూడి పద్ధతిలో ఇద్దరు తెర పట్టుకుంటే, భామ మొహం కంటే ముందు ఆమె జడ వచ్చి తెర మీద పడుతుంది. నాగరం, జడబిళ్లలు, చివర కుప్పెలు. నన్ను గెలిచేవాళ్లుంటే రండి, ఈ జడ కోసి ఇచ్చేస్తా అని సవాలు అది. గాచే పెట్టుకున్న రాణి ఎవరూ అలా పందెం కాయలేదు!

నేను బెళ్ళందూరు చుట్టుపక్కల చూసిన రెండు ప్రోగ్రాముల్లో తెరే లేదు. భామ పక్కనుంచి నడిచి వచ్చేసింది. నగలు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి. జడ మాత్రం వీపు మీద ఊరికే వేలాడింది. సవాలు లేకపోతే అది ఉత్త అలంకారం.

ఇంకో మాట. ఒక ఉగాది ప్రోగ్రాంకి పిల్లల్ని ఎంచేటప్పుడు నా పొట్టి జుట్టు చూసి, "భామకి జడ ఉండాలి కదమ్మా, నువ్వు మాధవి వెయ్యి" అన్నారు. సవరం పెట్టుకుంటానన్నా వినలేదు. చాలా కోపం వచ్చింది. కూచిపూడిలో తరతరాలుగా ఆ జడ పెట్టుకున్నది మగవాళ్లే కదా! వేదాంతం సత్యనారాయణ శర్మ గారి (1935-2012) పాత వీడియో చూడండి. భామ ఆయన జుట్టులో లేదు. మెడ తిప్పడంలో ఉంది, ఓరచూపులో ఉంది. పెట్టుడు జడని చేత్తో పట్టుకుంటే పుట్టినప్పటినుంచీ ఉన్నట్టే అనిపిస్తుంది.

ఈసారి ఎవరైనా భామాకలాపం వేయిస్తే ఇద్దరు పిల్లలచేత తెర పట్టించండి. పాత పట్టుచీరైనా చాలు. సవరం నేనే తెచ్చుకుంటా.