మొదటి సూదికి ముందు

మూడు నెలలకోసారి నా పొట్ట మీద, బొడ్డుకు కాస్త దిగువన, చర్మం కింద బియ్యపు గింజంత మందు పెడతారు. దాని పేరు గోసెరెలిన్. పన్నెండు వారాల పాటు అది కొద్దికొద్దిగా కరుగుతూ, నా ఒంట్లో టెస్టోస్టెరాన్ తయారు కాకుండా ఆపుతుంది. ప్రోస్టేట్‌లో పుట్టి నడుము ఎముకలకు పాకిన నా క్యాన్సర్ పెరగాలంటే ఆ హార్మోన్ కావాలి. అది అందకపోతే క్యాన్సర్ అణుగుతుంది. పోదు, అణుగుతుంది. కొందరికి ఏడాదో రెండేళ్లో, మరికొందరికి చాలా ఏళ్లు.

సూది వేయడం నర్సుకు నిమిషం పని. ఆ తర్వాత మూడు నెలలు దానితో బతకడం మన పని, మన ఇంట్లోవాళ్ల పని. ఆ పని ఎలా చేయాలో మొదట్లో మాకు ఎవరూ చెప్పలేదు. నేను ముందు వెళ్లిన ఆసుపత్రిలో, పేరున్న ఆసుపత్రే, “పెద్దగా ఇబ్బందులేం ఉండవండీ, కాస్త వేడి చేసినట్టుంటుంది” అని పంపేశారు. ఏమేం ఉంటాయో ఒక్కొక్కటీ ఒంటి మీదికి వచ్చాకే తెలిసింది. ఈ వారం వాటి గురించే రాస్తున్నాను. ఇలాంటివి పేపర్లో రాయాలా అని మా బంధువుల్లో ఒకరిద్దరు అన్నారు. రాయాలనే నా అభిప్రాయం.

ముందు ఈ మందు కథ కొంచెం చెప్పాలి. 1941లో షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ అనే ఇద్దరు డాక్టర్లు, ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు వృషణాలు తీసేస్తే జబ్బు తగ్గుముఖం పడుతుందని రక్తపరీక్షలతో చూపించారు. ఎముకల నొప్పితో మంచం పట్టినవాళ్లలో కొందరికి రోజుల్లోనే నొప్పి తగ్గింది. క్యాన్సర్ తనంతట తానే పెరుగుతుందనీ, దాన్ని ఆపలేమనీ అనుకునే కాలం అది. ఒంట్లో తయారయ్యే ఒక రసాయనం మీద అది ఆధారపడుతుందని అప్పుడు తేలింది. హగ్గిన్స్‌కు నోబెల్ బహుమతి రావడానికి 1966 దాకా పట్టింది. వృషణాలకు పని చెప్పే సంకేతం మెదడులోనే మొదలవుతుంది. 1971లో ఆండ్రూ షాలీ బృందం పందుల మెదళ్ల నుంచి ఆ సంకేత రసాయనాన్ని తీసి, దాని నిర్మాణం తేల్చింది. 1977లో షాలీకీ నోబెల్ వచ్చింది. ఆ రసాయనాన్ని అనుకరించి చేసిన మందే నా పొట్టలోకి వెళ్లేది. సహజంగా ఆ సంకేతం ఆగి ఆగి వస్తుంది. మందు రూపంలో ఆగకుండా అందేసరికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి స్పందించడం మానేస్తుంది, వృషణాలకు పని చెప్పేవాళ్లు ఉండరు.

అయితే మానేసే ముందు ఒకటి రెండు వారాలు ఎక్కువగా స్పందిస్తుంది. అప్పుడు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. వెన్నెముకలో జబ్బు ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో నొప్పి పెరగవచ్చు, వెన్నుపాము నలిగే ప్రమాదమూ ఉంది. అందుకే మొదటి ఇంజక్షన్‌కు ముందు నుంచే బికాలుటమైడ్ లాంటి బిళ్లలు కొన్నాళ్లు ఇస్తారు. డెగారెలిక్స్ అనే మరో రకం ఇంజక్షన్‌తో ఈ పెరుగుదల ఉండదు. మీకు ఏది ఇస్తున్నారో, బిళ్లలు ఎందుకు ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి.

ఇంజక్షన్ల ఖర్చు భరించలేనివాళ్లకు, మూడు నెలలకోసారి పట్నం రాలేనివాళ్లకు, హగ్గిన్స్ నాటి ఆపరేషన్ ఇప్పటికీ ఉంది. ఒక్కసారితో అయిపోతుంది, హార్మోన్ గంటల్లో పడిపోతుంది. ఫలితంలో తేడా లేదు. కానీ ఆ మాట వినగానే మగవాళ్లు లేచి వెళ్లిపోవడం ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను చూశాను. ఇంజక్షన్ తీసుకుంటున్న నాకూ, ఆపరేషన్ చేయించుకున్న ఒక కౌలు రైతుకూ ఒంట్లో మిగిలిన టెస్టోస్టెరాన్ దాదాపు ఒకటే. ఆయన నాకంటే తక్కువ మగవాడు కాడు. అప్పు చేసి ఇంజక్షన్లు కొంటూ, డబ్బు అందని మూడు నెలలు మానేసే బదులు ఆపరేషన్ చేయించుకోవడమే మేలని గట్టిగా చెబుతాను.

ఇక ఆవిర్లు. ఛాతీలో మొదలై మెడ మీదుగా ముఖానికి పాకుతాయి. కొన్ని నిమిషాలుండి చెమటతో తగ్గుతాయి, ఆ వెంటనే చలి. రాత్రి పూట మూడు నాలుగుసార్లు లేపేస్తాయి. మాది తెనాలి. రోహిణి కార్తెలో కరెంటు పోయిన రాత్రి ఏది బయటి వేడో, ఏది లోపలి వేడో తెలియదు. మొదటిసారి వచ్చినప్పుడు గుండెపోటేమోనని నేను భయపడితే, మా ఆవిడ నా మెడ తుడుస్తూ, “నాకు ఆ రోజుల్లో ఇలాగే వచ్చేవండీ, కంగారు పడకండి” అంది. ముట్లు ఆగిన కాలంలో ఆవిడ ఇవన్నీ దాటి వచ్చింది. దిండు మీద పలచటి తువ్వాలు పరచడం, రాత్రి భోజనంలో కారం, మసాలా తగ్గించడం, పడుకునే ముందు కాళ్లు చేతులు చల్లటి నీళ్లతో కడుక్కోవడం, పక్కనే మరో పొడి బనీను పెట్టుకోవడం, అన్నీ ఆవిడ నేర్పినవే. ఏ కరపత్రంలోనూ నేను చదవలేదు. ప్రతి ఇంట్లో యాభై దాటిన ఆడవాళ్లకు తెలిసిన విద్య ఇది. మనకు అవసరం వచ్చినప్పుడు అడగడానికి మొహమాటం ఎందుకు? వీటితో తగ్గకపోతే డాక్టర్ల దగ్గర మందులు కూడా ఉన్నాయి. అడిగితేనే రాస్తారు.

కోరిక సంగతి చెప్పడం కష్టం, కానీ దీన్ని వదిలేస్తే ఈ వ్యాసం రాయడం దండగ. ఈ మందు శక్తిని తీసేయడంతో ఆగదు, కావాలన్న ఆలోచననే తీసేస్తుంది. ఆలోచనే లేనప్పుడు లోటూ తెలియదు. అందుకే మగవాడు దాని గురించి ఏమీ మాట్లాడడు. పక్కనున్న మనిషికి మాత్రం ఆయన ఉన్నట్టుండి ఎందుకు దూరం జరిగాడో, కోపమా, విసుగా, తన వల్ల తప్పేమైనా జరిగిందా అన్నది తెలియదు. మా ఇంట్లో కొన్ని నెలలు అలాగే గడిచాయి. ఒకసారి గుంటూరు నుంచి వస్తుంటే బస్సులో ఆవిడే అడిగింది, “మీరు నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు, ఎందుకండీ?” అని. మందు వల్లేనని అప్పుడు చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని, “మరి ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు వాళ్లు?” అంది. నా మీద కాదు, చెప్పని డాక్టర్ల మీద వచ్చింది ఆవిడ కోపం. న్యాయమైన కోపమే. తాకడం, తల నిమరడం, ఒకే మంచం మీద పడుకుని కబుర్లు చెప్పుకోవడం, వీటిని ఏ మందూ ఆపదు. అవి ఉండాలని ఇద్దరూ అనుకోవాలి, అంతే.

మనసు కూడా మారుతుంది. పెళ్లిళ్లలో అప్పగింతల దగ్గర నాకు కన్నీళ్లు ఆగవు. అది నాకు బాగానే ఉంది. కానీ కొందరికి ఏడుపు కూడా రాకుండా, దేని మీదా ఆసక్తి లేకుండా, రోజులు బరువుగా గడుస్తాయి. ముసలితనం అని సర్దుకోకూడదు. డాక్టర్‌కు చెప్పాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. టెస్టోస్టెరాన్ పోతే కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, ఎముక పలచబడుతుంది, షుగరు, కొలెస్ట్రాల్ పైకెక్కుతాయి, గుండె మీద భారం పడుతుంది. క్యాన్సర్ అణిగి ఉన్న మనిషి బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడటం కంటే అన్యాయం ఏముంది? దీన్ని ఎదుర్కోవడానికి నడక ఒక్కటే చాలదని నాకు చెప్పినవాడు ఒక కుర్ర ఫిజియోథెరపిస్టు. “నడకతో గుండెకు మంచిది బాబాయ్‌గారూ, కండ నిలవాలంటే మాత్రం బరువు మోయాలి” అన్నాడు. ఈ హార్మోన్ వైద్యంలో ఉన్నవాళ్ల చేత బరువుల వ్యాయామం చేయించి, కండ, బలం తిరిగి వస్తాయని ఆస్ట్రేలియాలో పరిశోధకులు నిరూపించారు. నీరసం తగ్గడానికి కూడా మందుల కంటే వ్యాయామమే నమ్మకమైన మార్గం. నీరసంగా ఉంటే పడుకోవాలి అని మనవాళ్లు ప్రేమగా చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు.

నేను చేసేవి పెద్ద విద్యలేం కావు. చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం. గోడకు అరచేతులు ఆనించి ఒంటిని ముందుకు వంచి వెనక్కి నెట్టడం. రబ్బరు పట్టీని కాలికింద తొక్కిపెట్టి చేతులతో లాగడం. చిన్న డంబెల్స్ ఎత్తడం. వారంలో రెండు మూడు రోజులు, మధ్యలో విరామంతో. తేలికైతే బరువు కొంచెం పెంచాలి, లేకపోతే కండకు పనుండదు. నా నడుము ఎముకలో జబ్బు ఉంది కాబట్టి వంగి బరువు ఎత్తడం, నడుము మెలితిప్పడం నాకు నిషేధం. ఎముకల్లో జబ్బు ఎక్కడుందో స్కాన్ చూసి, ఏ వ్యాయామం వద్దో డాక్టరే చెప్పాలి. అది అడగకుండా మొదలుపెట్టకండి. మొదటి నెలంతా ఇదంతా ఎందుకనిపించింది. తర్వాత ఒకనాడు మనవడిని చేతుల్లోకి ఎత్తుకున్నాను, ఆయాసం రాలేదు.

తిండిలో అన్నం తగ్గి పప్పు, గుడ్డు, పెరుగు పెరిగాయి. పొద్దున రాగి జావ. కాల్షియం, విటమిన్ డి బిళ్లలు ఎన్ని వేసుకోవాలో డాక్టర్ చెబుతారు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఒకటి ఉంది, మొదట్లోనే చేయించుకుంటే మంచిది. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించే ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి. పీకించుకోవాల్సిన పళ్లుంటే ముందే పీకించుకోవాలి. ఆ మందు మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

ఇంజక్షన్‌తో పాటు నేను అబిరటెరోన్ బిళ్లలు కూడా వేసుకుంటాను. అడ్రినల్ గ్రంథుల్లో, చివరికి క్యాన్సర్ కణాల్లో కూడా కాస్త కాస్త తయారయ్యే హార్మోన్‌ను అది ఆపుతుంది. మొదటి నుంచే దీన్ని కలిపి ఇస్తే మరణ ముప్పు మూడో వంతుకు పైగా తగ్గుతుందని 2017లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. పరగడుపున వేసుకుని గంట ఆగాలి, ఆ గంటలో కాఫీ కూడా తాగకూడదు. కడుపులో తిండి ఉంటే మందు అనేక రెట్లు ఎక్కువగా రక్తంలోకి వెళ్తుంది. దీనికి తోడుగా ఇచ్చే ప్రెడ్నిసలోన్ మాత్రం టిఫిన్ తిన్నాక. బీపీ, పొటాషియం, కాలేయం పరీక్షలు తప్పకూడదు. ఇంకొకరికి బాగా పనిచేసిందని ఎవరో ఇచ్చిన ఆకు పసరు నేను తాగను. నా కాలేయం ఇప్పటికే పనిలో ఉంది. పసరును నమ్మి ఇంజక్షన్ మానేసి, నడవలేని స్థితిలో తిరిగొచ్చిన మనిషిని చూశాను. అలా పంపినవాళ్ల మీద నాకు క్షమ లేదు.

ఇక జబ్బు ఎంతవరకు అణిగిందో చూపే రక్తపరీక్ష, పీఎస్ఏ. పరీక్ష రోజు దగ్గరపడితే ఇంట్లో అందరి గొంతులూ తగ్గుతాయి. వందల్లో ఉన్న నా అంకె ఒకటి లోపుకు వచ్చింది. మళ్లీ ఎప్పుడో పెరుగుతుంది, తక్కువ హార్మోన్‌తోనూ బతకడం కణాలు నేర్చుకుంటాయి. అప్పటికి వేరే మందులున్నాయి. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోవడం, తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోవడం నా వంతు. అప్పుడప్పుడు టెస్టోస్టెరాన్ కూడా చూపించుకోవాలి. డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉంటేనే ఇంజక్షన్ పనిచేస్తున్నట్టు. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, కొత్తగా వెన్ను నొప్పి లేచినా, ఒంటికో దొడ్డికో పట్టు తప్పినా తెల్లారే దాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఖర్చు విషయంలో, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో మీకు ఏ మందులు వర్తిస్తాయో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను అడగండి. తండ్రికో అన్నకో ఈ జబ్బు ఉన్నవాళ్లు 45 ఏళ్ల నుంచే పీఎస్ఏ పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. మా తమ్ముడికీ, అబ్బాయికీ చెప్పాను.

క్యాన్సర్ డాక్టర్లకు ఒక మనవి. మీ గది బయట ఎంత మంది ఎదురుచూస్తుంటారో నాకు తెలుసు. అయినా మొదటి ఇంజక్షన్‌కు ముందు పది నిమిషాలు కేటాయించి, ఆవిర్లు, కోరిక, కండ, ఎముక, మనసు, ఈ ఐదింటి గురించీ చెప్పండి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. మీకు తీరకపోతే నర్సుకో, ఫిజియోథెరపిస్టుకో అప్పగించండి. ఈ వైద్యం మొదలుపెట్టబోయే పాఠకులారా, ఆ రోజు మీ ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లకండి. లోపలికి తీసుకెళ్లండి, ఆవిడ అడగాలనుకున్నవన్నీ అడగనివ్వండి.